మంగళవారం, నాన్న, జో ఫ్రేజియర్

7 నవంబర్ 2023

ఇవాళ ఆఫీసుకి సెలవు పెట్టాను. పెద్ద కారణమేం లేదు, నాన్నకి ఇంట్లో తోచట్లేదు. వచ్చిన కొత్తలో గడ్డి కొయ్యడం, గరాజ్ సర్దడం, చెత్త డబ్బాలు రోడ్డు మీదకి లాగడం అన్నీ ఆయనే మీదేసుకున్నారు. ఇప్పుడు ఆ పనులూ అయిపోయాయి. "ఇక్కడ రోడ్డు మీద మనుషులే కనపడరేంటమ్మా" అని నిన్న రాత్రి మళ్ళీ మొదలెట్టేసరికి, ఎక్కడికైనా తీసుకెళ్ళవే అన్నట్టు అమ్మ నాకు సైగ చేసింది. ఆదివారం దీపావళి. కజ్జికాయలు చేసుకోడానికి ఆవిడకి ఇల్లు ఖాళీగా కావాలి. అదీ అసలు సంగతి.

ఫిలడెల్ఫియాలో ఇవాళ మేయర్ ఎన్నిక. దారి పొడుగునా చిన్న చిన్న ప్లకార్డులు గడ్డిలో గుచ్చి ఉన్నాయి. ఒక జెండా లేదు, ఒక మైకు లేదు. "ఇదేం ఎలక్షనమ్మా, తద్దినంలా ఉంది" అన్నారు నాన్న.

ఆర్ట్ మ్యూజియం దగ్గర కారు పెట్టాం. లోపలికి వెళ్దామంటే ఒప్పుకోలేదు, బొమ్మలు నిలబడి చూస్తే నడుం పట్టేస్తుందట. కానీ మెట్లు కనపడితే మాత్రం ఊరుకోరు. తెనాలి చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు మొరాయిస్తున్నా మంకీ క్యాప్ సర్దుకుని, మధ్య మధ్య ఊరు చూస్తున్నట్టు నటిస్తూ ఆగి, ఆ 72 మెట్లూ ఎక్కారు. పక్కన కుర్రాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చి, పైకి చేరగానే చేతులు రెండూ గాల్లోకెత్తి గెంతుతున్నారు.

"ఏంటమ్మా ఈ పిచ్చి?"

కిందికి దిగాక చూపించాను. మెట్ల పక్కన బాక్సర్ కంచు విగ్రహం, దాని ముందు ఫొటోలకి క్యూ. పెళ్ళిబట్టల్లో ఒక జంట కూడా నిలబడి ఉంది.

"ఎవరీయన? ఈ ఊరివాడేనా?"

"రాకీ అని, సినిమాలో బాక్సర్ నాన్నా. నిజంగా అలాంటి మనిషి లేడు."

నాన్న కాసేపు ఆలోచించారు. "అయితే ఏంలే, మనం మాత్రం ఎన్టీఆర్‌కి కృష్ణుడి వేషంలో విగ్రహాలు పెట్టుకోలేదా" అన్నారు.

అదీ నిజమే. కానీ నాకు ఈ విగ్రహం చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. చచ్చిన పశువుల కళేబరాల్ని సంచుల్లా గుద్దుతూ ప్రాక్టీసు చేసే బాక్సర్, ఆ సినిమా చూసిన ప్రతివాడికీ గుర్తుండే సీను. నిజంగా అలా చేసినవాడు ఈ ఊళ్ళోనే ఉండేవాడు. కబేళాలో పనిచేస్తూ, చుట్టూ ఎవరూ లేనప్పుడు వేలాడదీసిన మాంసం మీద పిడిగుద్దులు గుద్దేవాడు. ఈ మెట్లెక్కి పరిగెత్తింది కూడా తనేనని చెప్పుకునేవాడు. నిజమైన ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్. ఆ సినిమాలో ఆయన కాసేపు కనిపిస్తాడు కూడా, అతిథిగా, రింగులోకి వచ్చి చెయ్యి కలిపి వెళ్ళిపోతాడు. లేని బాక్సర్‌కి 1980ల నుంచీ విగ్రహం ఉంది. ఉన్న బాక్సర్‌కి 2015లో పెట్టారు, అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు.

"ఇవాళే నాన్నా ఆయన పోయింది. 2011, నవంబర్ 7. జో ఫ్రేజియర్."

"ఫ్రేజియరా? మహమ్మద్ అలీ చేతిలో ఓడిపోయినాయన?"

"అలీని ఓడించినాయన."

"అదే, అదే" అన్నారు నాన్న, పెద్దగా పట్టించుకోకుండా.

నాన్న అలీ భక్తుడు. ఆయన ట్రంకు పెట్టె మూత లోపలివైపు హనుమంతుడి పక్కన అలీ ఫొటో అంటించి ఉండేది, ఏదో పత్రికలోంచి కత్తిరించింది. చిన్నప్పుడు మా ఇంట్లో అలీ అంటే వియత్నాం యుద్ధానికి పోనని తేల్చి చెప్పినవాడు, టైటిల్ పోయినా తలవంచనివాడు. అందులో అబద్ధమేం లేదు. ఆ కథలో రెండోవాడికి పేరుండేది కాదు, అంతే.

నాకు బాక్సింగ్ గురించి ఏమీ తెలీదు. ఫ్రేజియర్ నాకు ఒక దొంగతనం వల్ల పరిచయమయ్యాడు. మేముండే చిన్న ఊరి పేరు మీడియా. అక్కడ 1971 మార్చి 8 రాత్రి ఎఫ్‌బీఐ ఆఫీసు తలుపు పగలగొట్టి ఫైళ్ళన్నీ ఎత్తుకుపోయారు. ఎనిమిది మంది. వాళ్ళ పెద్ద ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్. సొంత పౌరుల మీద ప్రభుత్వం ఎలా నిఘా పెడుతోందో ఆ కాయితాలు పత్రికలకి పోస్టులో పంపి బయటపెట్టారు. ఒక్కరు కూడా దొరకలేదు. 2014లో వాళ్ళలో కొందరు తామే అని చెప్పుకునేదాకా లోకానికి తెలీదు. ఆ రాత్రే ఎందుకు ఎంచుకున్నారంటే, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో శతాబ్దపు పోటీ అని పేరుపడ్డ బాక్సింగ్ ఉంది, దేశమంతా దాని ధ్యాసలోనే ఉంటుంది, కాపలావాళ్ళతో సహా. మా ఊళ్ళో ఈ కథ నాకు మొదట చెప్పినావిడ "అలీ ఫైట్ జరిగిన రాత్రి" అంది. ఎవరు గెలిచారని నేనడిగితే తడుముకుంది. అక్కడ మొదలైంది నా చదువు.

మ్యూజియం దగ్గర్నుంచి కారు దక్షిణం వైపు పోనిచ్చాను. నాన్న పులిహోర డబ్బా తీసి కార్లోనే మొదలెట్టారు. నేను డ్రైవ్ చేస్తూ చెప్పుకొచ్చాను, ఆయన మధ్యమధ్యలో "ఊఁ" కొడుతూ విన్నారు. మామూలుగా ఇది తిరగబడి ఉంటుంది. ఆయన చెప్పడం, నేను ఊఁ కొట్టడం.

ఫ్రేజియర్ సౌత్ కరొలైనాలో బ్యూఫర్ట్ అనే చోట పుట్టాడు, 1944లో. ఇంటికి పన్నెండో సంతానం. తండ్రికి ఎవరో తుపాకీతో కాల్చడం వల్ల ఎడమ చెయ్యి పోయింది. పొలం పనుల్లో తండ్రికి లేని ఆ ఎడమ చెయ్యి తానే అయి తిరిగేవాడు ఈ పిల్లవాడు. ఒకసారి ఇంట్లో పెంచుతున్న పెద్ద పందిని కర్రతో పొడిచి ఆటపట్టిస్తుంటే అది దొడ్లోంచి బయటపడి వెంటపడింది. పరిగెత్తుతూ పడ్డాడు, ఎడమ చెయ్యి విరిగింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి డబ్బుల్లేవు. అదే అతుక్కుంది, వంకరగా. ఆ చెయ్యి మళ్ళీ జీవితంలో పూర్తిగా చాచలేకపోయాడు.

"ఏ చెయ్యి?" అన్నారు నాన్న. పులిహోర ఆపారు.

"ఎడమ చెయ్యి. లెఫ్ట్ హుక్ అంటారే, అలీని పడగొట్టింది, ఆ చేతే."

నాన్న డబ్బా ఒళ్ళో పెట్టుకుని, తన ఎడమ మోచేతిని సగం మడిచి, అలాగే బిగబట్టి, భుజం ఒకటే కదుపుతూ చూసుకున్నారు. కారు అద్దానికి తగిలింది. "హుక్ కొట్టేటప్పుడు మోచెయ్యి వంగే ఉండాలి తల్లీ. చాపితే అది హుక్ కాదు. అంటే వీడిది ఎప్పుడూ సిద్ధంగానే ఉంది, కొడవలిలాగా" అన్నారు. మళ్ళీ ఒక నిమిషం ఆగి, "మా స్కూల్లో అలాంటి చేతితో పిల్లాడొస్తే నేను మార్చ్‌పాస్ట్‌లో వెనక వరసలో పెట్టేవాణ్ణి" అన్నారు. నేనేం మాట్లాడలేదు.

చిన్నప్పుడు గోనెసంచిలో పాత గుడ్డలు, మొక్కజొన్న కండెలు, నాచు, మధ్యలో ఒక ఇటుక పెట్టి కుట్టి, చెట్టుకి వేలాడదీసి గుద్దేవాడట. పదిహేనేళ్ళకి బస్సెక్కి న్యూయార్క్‌లో అన్న దగ్గరికి, అక్కణ్ణుంచి ఈ ఊరికి. ఒళ్ళు తగ్గించుకుందామని పోలీసు వాళ్ళ జిమ్‌కి వెళ్తే అక్కడ ఎవరో చెయ్యి చూసి పట్టుకున్నారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌కి ఈయన వెళ్ళాల్సింది కాదు, సెలెక్షన్‌లో బస్టర్ మాథిస్ చేతిలో ఓడిపోయాడు. మాథిస్‌కి దెబ్బ తగిలితే ఈయన్ని పంపారు. సెమీస్‌లో ఎడమ బొటనవేలు విరిగింది. చెబితే ఆడనివ్వరని నోరు మెదపలేదు. ఫైనల్లో జర్మనీ హాన్స్ హ్యూబర్ మీద 3-2తో గట్టెక్కాడు. ఆ ఏడాది అమెరికా బాక్సింగ్ జట్టుకి వచ్చిన బంగారు పతకం అదొక్కటే.

ఇక్కడిదాకా నాన్న ముచ్చటగానే విన్నారు. గొడవంతా అలీ దగ్గరే వచ్చింది.

1967లో సైన్యంలో చేరనన్నందుకు అలీ టైటిల్ లాక్కున్నారు, లైసెన్సు పీకేశారు. మూడున్నరేళ్ళు రింగు ముఖం చూడలేదు. ఆ రోజుల్లో అలీ కూడా ఫిలడెల్ఫియాలోనే ఉండేవాడు. ఫ్రేజియర్ ఆయనకి డబ్బులిచ్చాడు. లైసెన్సు తిరిగివ్వమని ఆయన తరఫున మాట్లాడాడు. ఇద్దరూ ఒకే కార్లో న్యూయార్క్ దాకా కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళారు. తీరా పోటీ ఖాయమయ్యాక, అలీ ఈయన్ని అంకుల్ టామ్ అన్నాడు, అంటే తెల్లవాళ్ళకి ఊడిగం చేసే నల్లవాడని. మొద్దు అన్నాడు, అందవికారి అన్నాడు. 1975లో మనీలా పోటీకి ముందు గొరిల్లా అన్నాడు. చిన్న రబ్బరు గొరిల్లా బొమ్మ జేబులో పెట్టుకు తిరిగి, విలేకరుల ముందు దాన్ని గుద్దుతూ నవ్వించాడు. ఫ్రేజియర్ పిల్లలు బళ్ళో ఆ మాటలన్నీ పడ్డారు.

"అది టిక్కెట్లు అమ్ముకోడానికి చేసే హడావుడి తల్లీ. అలీ అంటే అంతే. మేమంతా నవ్వుకునేవాళ్ళం" అన్నారు నాన్న.

నవ్వుకున్నారు, నాకు తెలుసు. పొలంలో పన్నెండుమంది పిల్లల మధ్య పెరిగి, కబేళాలో చేసి వచ్చినవాడు తెల్లవాళ్ళ మనిషెలా అయ్యాడో ఎవరూ అడగలేదు. అలీ చేసిన మంచి పని చాలా పెద్దది. అందుకని ఇది చిన్నదైపోదు. నేను ఇంత గట్టిగా అనేసరికి నాన్న కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలెట్టారు. నేను జీపీఎస్ వాల్యూమ్ పెంచాను.

స్టేడియంల దగ్గర ఇవాళ ఆటలేం లేవు, పార్కింగ్ ఖాళీ. ఎక్స్‌ఫినిటీ లైవ్ అని బార్లూ హోటళ్ళూ ఉన్న కాంప్లెక్స్ బయట ఉంది ఫ్రేజియర్ విగ్రహం. పన్నెండు అడుగుల కంచు. అలీని పడగొట్టిన ఆ క్షణం. మొదట చెయ్యాల్సిన శిల్పి మధ్యలోనే చనిపోతే స్టీఫెన్ లేన్ అనే ఇంకో శిల్పి పూర్తి చేశాడు. క్యూ లేదు, ఫొటోలు తీసిపెడతామని డబ్బులడిగేవాళ్ళూ లేరు. మేమిద్దరమే.

నాన్న చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. ముఖం వైపు కాదు, పాదాల వైపు చూస్తూ. అది ఆయన అలవాటు, పిల్లలు పరిగెత్తుతుంటే కూడా పాదాలే చూసేవారు. "పొట్టివాడే కదా?" అన్నారు. అవును, ఆ బరువుకి పొట్టే, ఆరడుగులు లేడు. అలీ ఆయనకంటే మూడంగుళాలు పొడుగు, చేతులు ఇంకా పొడుగు. దూరం నుంచి కొడితే ఈయన అందుకోలేడు. అందుకని తల కిందికీ పైకీ ఊపుతూ, దెబ్బలు తింటూ తింటూ లోపలికి చొచ్చుకుపోవడమే ఈయన పద్ధతి. స్మోకిన్ జో, అంటే పొగలు కక్కే జో, అని ఆయనకి పేరు, గ్లౌజుల్లోంచి పొగ రావాలి అనేవాడట మొదటి ట్రైనర్ యాంక్ డరమ్. ఒక్క దెబ్బ కొట్టడానికి మూడు తినే ఆట అది. 1971 రాత్రి 15 రౌండ్లూ అదే ఆడాడు. ఆఖరి రౌండ్లో ఆ వంకర చెయ్యి ఎక్కడో నేల దగ్గర్నుంచి లేచి అలీ దవడకి తగిలింది. అలీ వెల్లకిలా పడ్డాడు, ఎర్ర కుచ్చులున్న బూట్లు గాల్లోకి లేచాయి. లేచి నిలబడ్డాడు, అదీ మామూలు విషయం కాదు. కానీ ముగ్గురు న్యాయనిర్ణేతలూ ఫ్రేజియర్‌కే ఇచ్చారు. గెలిచినవాడు ఆ తర్వాత రోజుల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు.

"మరి మనీలాలో?" అన్నారు నాన్న, కొంచెం విజయగర్వంతో. అది అలీ గెలిచిన పోటీ కదా.

మనీలా గురించి నాకు చెప్పాలనే ఉంది. పొద్దున పదిన్నర దాటాక మొదలుపెట్టారు, అమెరికాలో టీవీ టైముకి కుదరాలని. ఏసీ చాలని హాలు, పైన రేకుల కప్పు, లైట్ల వేడి. ఫ్రేజియర్ ఎడమ కన్ను ఎప్పట్నుంచో సరిగ్గా కనపడదు, శుక్లం. ఆ సంగతి బయటపడితే లైసెన్సు పోతుందని ఏళ్ళ తరబడి దాచుకున్నాడు. ఇప్పుడు అలీ దెబ్బలకి కుడి కన్ను వాచి మూసుకుపోయింది. పద్నాలుగో రౌండ్లో అలీ కుడి చేతి దెబ్బలు వస్తుంటే ఈయనకి కనపడటమే లేదు. ఆఖరి రౌండ్ మిగిలుంది. మూలలో ట్రైనర్ ఎడ్డీ ఫచ్ ఇక చాలన్నాడు. లేదు, వెళ్తానని లేవబోయాడు ఫ్రేజియర్. ఫచ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు, ఇవాళ నువ్వు చేసింది ఎవరూ మర్చిపోరన్నాడు. అవతలి మూలలో అలీ కూడా ఇక లేవలేని స్థితిలో ఉన్నాడనీ, గ్లౌజులు కోసెయ్యమన్నాడనీ అంటారు. గెలిచానని తెలిశాక నిలబడి, అక్కడే కుప్పకూలాడు.

ఇది చెప్పినప్పుడు నాన్న ఏమీ అనలేదు. "కన్ను కనపడకుండానా" అని మాత్రం అన్నారు. అలీ సంగతి తర్వాత ఎత్తలేదు.

ఫ్రేజియర్ క్షమించలేదు, చాలా ఏళ్ళు. అలీ అనే పేరు పలకడానికే ఇష్టపడేవాడు కాదు, పాత పేరు పట్టుకుని క్లే అనేవాడు. 1996లో అట్లాంటాలో వణుకుతున్న చేత్తో అలీ ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తే లోకమంతా కళ్ళు తుడుచుకుంది, ఈయన మాత్రం అతన్ని ఆ మంటలోకి తోసెయ్యాలనిపించిందన్నాడు. అందరూ ఛీ అన్నారు. నాకు ఆ మాట నచ్చకపోయినా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమవుతుంది. 2001లో అలీ ఒక పత్రికతో మాట్లాడుతూ, అనకూడని మాటలన్నాను, క్షమించమన్నాడు. నాతో చెప్పకుండా పేపర్‌తో చెప్పడమేంటన్నాడు ఈయన. న్యాయమే కదా.

తిరిగి వస్తూ జిమ్ గురించి చెప్పాను. నార్త్ బ్రాడ్ స్ట్రీట్‌లో మూడంతస్తుల బిల్డింగ్. ఫ్రేజియర్ దాని మీద గదిలోనే ఉండేవాడు. వీధి పిల్లలకి కింద బాక్సింగ్ నేర్పేవాడు. 2008లో అది మూతపడింది. తర్వాత ఫర్నిచర్ షాపు పెట్టారు. ఆయన పోయాక యూనివర్సిటీ విద్యార్థులు కూడా కలిసి పోరాడితే 2013లో చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో చేర్చారు. వెళ్దామా అంటే నాన్నకి మోకాలు పట్టేసింది, ఇంటికి పోదాం అన్నారు. "పిల్లలకి నేర్పేవాడన్నమాట" అని మాత్రం రెండుసార్లు అన్నారు. మాస్టారు కదా, అది తగిలింది. తర్వాత కాసేపు నిఖత్ జరీన్ గురించి మాట్లాడారు, నిజామాబాద్ పిల్ల రెండుసార్లు వరల్డ్ ఛాంపియన్ అయిందంటే అలాంటి కోచింగ్ ఊరూరా పెట్టొద్దా అని. ఆ లెక్చర్ ఇల్లు చేరేదాకా సాగింది.

కజ్జికాయలు అయ్యాయి. కొన్ని విచ్చుకున్నాయి, నూనె మంచిది కాదని అమ్మ తీర్మానం. ఊళ్ళో షెరెల్ పార్కర్ గెలిచిందని వార్తల్లో వచ్చింది. ఫిలడెల్ఫియాకి ఆవిడే మొదటి మహిళా మేయర్. నాన్నకి అదేం పట్టలేదు. భోజనం అయ్యాక నా లాప్‌టాప్‌లో 1971 పోటీ పెట్టించుకున్నారు. కుర్చీ అంచున కూర్చుని, ఎడమ మోచెయ్యి ఒకటి దానంతటదే కదులుతుంటే, పదిహేనో రౌండ్ మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూశారు. "పాపం, ఎన్ని తిన్నాడమ్మా" అన్నారు. ఎవరి గురించి అన్నారో నేనడగలేదు. ఫ్రేజియర్ అంత్యక్రియలకి అలీ వచ్చాడని చెప్పాను. అప్పటికి జబ్బు బాగా ముదిరిపోయింది, మాట లేదు. ఆఖరిసారి అందరూ లేచి చప్పట్లు కొట్టండని జెస్సీ జాక్సన్ అంటే, ఆ చేతులతోనే లేచి కొట్టాడు. నాన్న వింటూనే అద్దాలు తీసి తుడుచుకున్నారు, "ఈ అద్దాలకి జిడ్డెక్కువ" అంటూ.

తర్వాత తెనాలిలో ఉన్న ఆయన స్నేహితుడికి ఫోన్ కలపమన్నారు. అక్కడ అప్పటికి పొద్దున ఎనిమిదిన్నర. స్పీకర్ ఆన్‌లోనే ఉంది.

"ఒరేయ్, నీకు జో ఫ్రేజియర్ గుర్తున్నాడా?"

"ఎందుకు లేడూ! ఫోర్‌మన్ చేతిలో ఆరుసార్లు పడ్డాడే, వాడేగా?"

జార్జ్ ఫోర్‌మన్ అనే ఇంకో బాక్సర్‌తో పోటీ అది. 1973, కింగ్‌స్టన్. రెండు రౌండ్లలో ఆరుసార్లు. నిజమే, పడ్డాడు. మొత్తం జీవితంలో ఓడిపోయింది నాలుగుసార్లు, అవీ ఇద్దరి చేతుల్లోనే, అలీ, ఫోర్‌మన్. ఇదంతా నేను పక్కనుంచి చెబుతుంటే నాన్న నన్ను చేత్తో ఆపి, తనే అందుకున్నారు. పంది దగ్గర్నుంచి మొదలుపెట్టారు. పంది ఇంకాస్త పెద్దదైంది, ఇటుక రెండు ఇటుకలయ్యాయి. అవతల ఆయన మధ్యలో రెండుసార్లు "అలాగా" అన్నాడు, తర్వాత షుగర్ టెస్టుకి పరగడుపున వెళ్ళాలి, టైమైపోతోంది అన్నాడు. "వెళ్ళు, వెళ్ళు. వీడియో పంపిస్తున్నా, ముందు అది చూసి అప్పుడు మాట్లాడు" అని ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి, పదిహేనో రౌండ్ ఒక్కటీ చాలదు, మొదటి నుంచీ పంపమన్నారు. వాట్సాప్‌లో లింక్ పంపాను. ఇంకా చూడలేదని ఆయన పడుకునే ముందు రెండుసార్లు వచ్చి ఫిర్యాదు చేశారు.